అణాకొక దోమ



దీపాలు పెట్టే వేళయ్యేసరికి మన ఇళ్ళలో ఒక హడావిడి మొదలవుతుంది. కిటికీలు మూసెయ్యడం, మంచాలకు దోమతెరలు దింపడం, "నీళ్ళతొట్టి మీద మూత పెట్టండర్రా" అని కేకలెయ్యడం. దోమ కుడితే జ్వరం వస్తుందని ఇవాళ బడికెళ్ళే పిల్లలందరికీ తెలుసు. కాని ఈ చిన్న సంగతి లోకానికి తెలియడానికి ఎంతమంది తమ చేతులు దోమలకు అప్పగించారో, ఎన్ని పిచ్చుకలు ప్రాణాలు పోగొట్టుకున్నాయో ఎప్పుడైనా అనుకున్నామా? ఇవాళ ఆ చరిత్ర కాస్త మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందుగా మా ఇంటి సంగతొకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ముందురోజు రాత్రి ఆస్పత్రిలో ఒక కుర్రాడు కాగితాల కట్ట తెచ్చి, పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టినచోటల్లా నన్ను సంతకం పెట్టమన్నాడు. ఆవిడకేమో కళ్ళద్దాలు తీసేశారు. నాకేమో కంగారు. చదవకుండానే పెట్టేశాను. ఇంటికొచ్చాక మా మేనల్లుడు నకళ్ళు తిరగేసి, "అత్తా, ఇందులో ఒకటి ఆపరేషన్ కాగితం కాదు. పరీక్షకి తీసిన రక్తంలో మిగిలింది ఏదో పరిశోధనకి వాడుకోవచ్చునని ఒప్పుకుంటున్న కాగితం" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా అత్తగారు మాత్రం నిదానంగా ఒకే మాట అన్నారు. "నన్నడిగితే కాదనేదాన్నటే అమ్మాయీ? నా నెత్తురు పదిమందికి పనికొస్తే నాకూ పుణ్యమేగా. కాని అడగాలా, అక్కర్లేదా?"

ఆవిడ అన్న ఆ మాట పట్టుకుని నేను వెనక్కి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను. ఆ చదువు నన్ను తిన్నగా మన సికింద్రాబాదుకే తీసుకొచ్చింది.

చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందని వెనకటివాళ్ళు నమ్మేవారు. మలేరియా అన్న మాటకి ఇటలీ భాషలో అర్థమే అది. 1880లో అల్జీరియాలో ఉన్న ఫ్రెంచి సైన్యపు డాక్టరు లావెరాన్ రోగి నెత్తుట్లో ఆ జ్వరక్రిమిని చూశారు. అయితే అది ఒకరి నెత్తుట్లోంచి ఇంకొకరి నెత్తుట్లోకి ఎలా పోతోందో ఎవరికీ అంతుపట్టలేదు. లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరుగారికి దోమల మీద అనుమానం కలిగింది. దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు జ్వరం వస్తుంది అని ఆయన ఊహ. ఆ ఊహని వెంటపెట్టుకుని 1895లో సికింద్రాబాదు కంటోన్మెంటుకి వచ్చిన సైనిక వైద్యుడే రోనాల్డ్ రాస్. ఆయన పుట్టింది కూడా మన దేశంలోనే, ఆల్మోడాలో.

వచ్చీ రాగానే రాస్ చేసిన పనేమిటో తెలుసా? జ్వరం ఉన్నవాళ్ళని కుట్టిన దోమలు చచ్చిపడిన నీళ్ళని, ఆరోగ్యంగా ఉన్న ఒక యువకుడి చేత ఒప్పించి తాగించారు. ఆ కుర్రాడి పేరు రాస్ రాతల్లో లచ్మన్ అని ఉంది. కొన్నాళ్ళకు అతనికి జ్వరం వచ్చి తగ్గింది. రుజువు దొరికిందని రాస్‌గారు సంబరపడ్డారు. తీరా మరికొందరికి తాగిస్తే అనుకున్నట్టు జరగలేదు. అంటే ఆ దారే తప్పన్నమాట.

రెండేళ్ళు గడిచిపోయాయి. రాస్ వందలకొద్దీ దోమల్ని కోసి సూక్ష్మదర్శినిలో వెతికారు. ఏమీ కనిపించలేదు. ఎంచేతంటే ఆయన వెతుకుతున్న దోమలు వేరే జాతివి. 1897 ఆగస్టులో ఆయన మనుషులు రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమపిల్లల్ని పట్టుకొచ్చారు. అవే అనాఫిలిస్ దోమలు. వాటిని పెంచి, ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి లోపలికి వదిలారు. బేరం ఏమిటంటే, కుట్టి నెత్తురు తాగిన దోమకి ఒక అణా చొప్పున. అణా అంటే రూపాయిలో పదహారో వంతు.

ఆ తరవాత నాలుగు రోజులూ ఆయన పడ్డ అవస్థ వింటే జాలేస్తుంది. ఉక్క భరించలేనంతగా ఉంది. పంకా వేయిస్తే కోసిపెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయి. నుదుటి మీంచి కారే చెమటకి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, అద్దం బీటవారింది. ఆగస్టు 20న మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో, నల్లటి రంగు నలుసులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతోందని మొదటిసారి తెలిసింది ఆ రోజునే. ఇప్పటికీ ప్రపంచం ఆగస్టు 20ని దోమల దినంగా జరుపుకుంటుంది. బేగంపేటలో ఆ పాత భవనం రాస్ పేరుతోనే ఉంది. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కి దోమల లెక్కన అణాలు వచ్చాయి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. హుసేన్ ఖాన్ అప్పటికే జ్వరంతో ఉన్నవాడు. దోమలు కుట్టినందువల్ల అతనికి దురద తప్ప కొత్త నష్టమేమీ లేదు. లచ్మన్ సంగతి అలాంటిది కాదు. ఒంట్లో బాగున్నవాడు జబ్బు తెచ్చుకోవడానికి తాగేడు. రెండూ పరిశోధనలే, రెంటికీ "సరే" అన్నవాళ్ళున్నారు. కాని ఒక సరేకి ఇంకో సరేకి ఎంత దూరం ఉందో చూశారా! పైగా అడిగేది దొరగారు. అడిగించుకునేది పొట్టపోసుకునేవాడు. కాదనగలిగే మనిషి సరే అంటేనే ఆ సరేకి విలువ.

కాదన్నవాళ్ళ సంగతి కూడా ఈ కథలోనే ఉంది. 1898లో రాస్‌ని ప్రభుత్వం కలకత్తా పంపించింది. అక్కడ రోగులు దొరకడం కష్టమైపోయింది. అది జ్వరాల కాలం కాదు, పైగా ఊళ్ళో ప్లేగు భయం. తెల్లదొరలు బలవంతంగా ప్లేగు సూదులు పొడిచేస్తారని పుకార్లు పుట్టి అల్లర్లు చెలరేగాయి. వేలు గుచ్చి ఒక్క చుక్క నెత్తురు తీసుకుంటామన్నా, డబ్బులిస్తామన్నా జనం పారిపోయేవారు. చివరికి రాస్ మనుషుల్ని వదిలిపెట్టి పిట్టల మీదికి తిరిగారు. పిచ్చుకలకూ మలేరియా లాంటి జబ్బు వస్తుంది. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమల్నీ పిట్టల్నీ పట్టి తెచ్చేవాడు. జబ్బు పిట్టని కుట్టిన దోమని ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల మీద వదిలారు. 28 పిచ్చుకల్లో 22కి జబ్బు అంటుకుంది. దోమ కడుపులోంచి క్రిమి దాని లాలాజల గ్రంథుల్లోకి చేరి, కుట్టినప్పుడు మన నెత్తుట్లోకి దిగుతుందని తేలిపోయింది.

అంటే జనం కాదన్నారని శాస్త్రం ఆగిపోలేదు. ఇంకో దారి వెతుక్కుంది. కాకపోతే ఆ దారిలో పిచ్చుకలు చచ్చిపోయాయి. వాటిని ఎవరు అడిగారు? అవి ఏమని చెప్పగలవు? ఈ ప్రశ్న అలా ఉంచుకోండి, మళ్ళీ వద్దాం.

పిట్టలకైతే సరే, మనుషుల సంగతేమిటి? ఆ అనుమానం తీర్చడానికి 1900లో లండన్‌లో మాన్సన్‌గారు తన కన్నకొడుకునే ముందుకు తెచ్చారు. వైద్యవిద్య చదువుతున్న ఆ అబ్బాయి ఇంగ్లండులోనే కూర్చుని, రోము నుంచి తెప్పించిన దోమల చేత కుట్టించుకున్నాడు. జ్వరం వచ్చింది. క్వినైన్ ఇస్తే తగ్గింది. కొన్ని నెలల తరవాత మళ్ళీ తిరగబెట్టింది కూడా. తల్లిమనసుతో ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. పరాయి బిడ్డ చేత చేయించే పని సొంత బిడ్డ చేత చేయించడానికి ఆయన వెనుకాడలేదు.

అదే ఏడాది క్యూబాలోని హవానా నగరంలో ఇంకో దోమ కథ నడిచింది. అక్కడి జబ్బు ఎల్లో ఫీవర్, అంటే పచ్చజ్వరం. దాన్ని మోసుకొచ్చేది, మన ఇళ్ళలో పూలకుండీల కింద నిలిచిన నీళ్ళలో పుట్టి డెంగ్యూ తెచ్చే చారల దోమే. క్యూబా డాక్టరు కార్లోస్ ఫిన్లే 1881లోనే ఆ మాట చెప్పినా ఎవరూ చెవిని పెట్టలేదు. 1900లో అమెరికా సైన్యం వాల్టర్ రీడ్ నాయకత్వాన ఒక సంఘాన్ని పంపింది. జంతువులకి ఆ జ్వరం రాదని అప్పట్లో అనుకునేవారు. అంచేత మనుషుల మీదే చూడాలి. సంఘంలోని డాక్టర్లు ముందు తామే చేతులు చాపారు. జేమ్స్ కారల్ చావు తప్పించుకుని బయటపడ్డారు. జెస్సీ లాజియర్ 34 ఏళ్ళకే, సెప్టెంబరు 25న కన్నుమూశారు. అమెరికాలో ఆయన భార్య అప్పుడే రెండో బిడ్డని కన్న బాలెంతరాలు.

ఆ చావు తరవాత వాల్టర్ రీడ్ ఒక కొత్త పని చేశారు. పరీక్షకి ఒప్పుకునేవాళ్ళ కోసం ఒక కాగితం రాయించారు. ఇంగ్లీషులోనూ, అక్కడికి వలస వచ్చిన స్పెయిన్ కూలీలకి అర్థమయ్యే స్పానిష్‌లోనూ. జ్వరం వస్తే ప్రాణం పోవచ్చునని అందులో రాశారు. ఒప్పుకుంటే 100 డాలర్లు, జ్వరం వస్తే మరో 100, చనిపోతే ఆ సొమ్ము వారసులకి. వైద్యపరిశోధనలో రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవడానికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి. మా అత్తగారి ఆస్పత్రి కాగితానికి ముత్తవ్వ లాంటిదన్నమాట. ఆ శిబిరంలో ఎవరూ చనిపోలేదు. దోమే దోషి అని తేలింది.

మరుసటి సంవత్సరం మాత్రం ఘోరం జరిగింది. క్లారా మాస్ అనే నర్సు ఉండేది. బీద కుటుంబంలో చాలామంది పిల్లల్లో పెద్దది. హవానా ఆస్పత్రిలో జ్వరపీడితులకి సేవ చేస్తూ, దోమ పరీక్షకి తనూ పేరిచ్చింది. 100 డాలర్లు ముట్టాయి. 1901 జూన్‌లో కుట్టించుకుంటే స్వల్పంగా జ్వరం వచ్చి తగ్గింది. ఇక మళ్ళీ రాదేమో చూద్దామని ఆగస్టు 14న రెండోసారి కుట్టించుకుంది. పది రోజులకి, 24న, ప్రాణం పోయింది. వయస్సు పాతికేళ్ళు. ఆ వరసలోనే మరో ఇద్దరు స్పెయిన్ దేశస్థులు కూడా పోయారు. జనం గగ్గోలు పెట్టడంతో అక్కడ మనుషుల మీద ఆ పరీక్షలు ఆగిపోయాయి. కాగితం ఉంది, సంతకం ఉంది. అయినా ఇంట్లో అవసరం ఉన్న పిల్ల ముందు 100 డాలర్లు పెట్టి అడిగితే, ఆ సంతకం పెట్టింది మనసా, లేమా? నాకైతే తేల్చుకోవడం కష్టంగానే ఉంది.

పచ్చజ్వరానికి టీకా ఎలా వచ్చిందో కూడా రెండు ముక్కలు చెబుతాను. 1927లో, ఇప్పుడు ఘనా అని పిలిచే దేశంలో, అసిబి అనే రోగి నెత్తురు తీసి కోతికి ఎక్కిస్తే దానికి జ్వరం వచ్చింది. జంతువులకి రాదన్న మాట తప్పని తేలింది. అసిబి బతికాడు, కోతి చచ్చిపోయింది. ఆ నెత్తుట్లోని క్రిమినే ఎలుకల్లోనూ కోడిపిండాల్లోనూ పెంచి పెంచి, దాని కోర పీకి, 1937లో మాక్స్ థీలర్ బృందం టీకా చేసింది. ఆఫ్రికాకి ఉద్యోగానికి వెళ్ళే మన పిల్లలు విమానం ఎక్కేముందు వేయించుకునే టీకా ఆ అసిబి నెత్తుటి సంతానమే.

ఇంతవరకూ అడిగినవాళ్ళ కథ, సగం అడిగినవాళ్ళ కథ. అసలు అడగనివాళ్ళ కథ కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో డకావ్ నిర్బంధశిబిరంలో క్లాస్ షిల్లింగ్ అనే పేరుమోసిన మలేరియా డాక్టరు వెయ్యికి పైగా ఖైదీలకు బలవంతంగా మలేరియా ఎక్కించాడు. వాళ్ళలో మతగురువులు కూడా ఉన్నారు. ఎందరో చనిపోయారు. 1946లో అతన్ని ఉరితీశారు. అలాంటి మరికొందరు డాక్టర్ల మీద న్యూరెంబర్గ్‌లో విచారణ జరిగి, 1947లో న్యాయమూర్తులు పది సూత్రాలు చెప్పారు. మొట్టమొదటి సూత్రం, మనిషి తనంతట తాను ఒప్పుకోనిదే అతని మీద పరిశోధన కూడదని. ముందు జంతువుల మీద చూసిన తరవాతే మనుషుల దాకా రావాలని కూడా అందులోనే ఉంది. 1964లో హెల్సింకిలో ప్రపంచ వైద్యసంఘం ఆ మాటల్నే విస్తరించి డాక్టర్లందరికీ నియమంగా పెట్టింది.

అవన్నీ దూరదేశాల సంగతులు, మనకెందుకు అనుకుంటున్నారేమో. దోమని ఇక్కడ వదిలేసి ఖమ్మం జిల్లాకి రండి.

2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఒక టీకా వేశారు. పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. చాలామంది గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో చదువుకుంటున్నవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని ప్రభుత్వం వేసిన విచారణసంఘం చెప్పింది. కాని సమ్మతి కాగితాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. పార్లమెంటు స్థాయీసంఘం 2013లో ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. 9,543 కాగితాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టలు వార్డెన్ల సంతకాలు. కన్నతల్లికి కబురైనా లేకుండా వార్డెను గారు సంతకం పెట్టేస్తే అయిపోయిందా?

ఆ టీకా చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. చాలా దేశాల్లో ఆడపిల్లలకి వేస్తున్నారు, ప్రపంచ ఆరోగ్యసంస్థ కూడా వేయించుకోమంటోంది. మన దేశంలో ఆడవాళ్ళ ప్రాణాలు తీస్తున్న ఆ క్యాన్సర్‌ని ఆపగలిగిన మందు. అదే నా బాధ. సరిగ్గా అడక్కపోవడం వల్ల మంచి మందు మీద కూడా తల్లులకి భయం పుట్టింది. కలకత్తాలో ప్లేగు సూది భయంతో జనం పరుగెత్తారే, అదే మళ్ళీ జరిగింది. అడిగి, చెప్పి, ఆగి, జవాబు విని చేస్తే ఆ భయానికి చోటుండేది కాదు.

ఇప్పుడు చట్టం కొంత గట్టిపడింది. 2019లో వచ్చిన కొత్త మందుల పరీక్షల నిబంధనల ప్రకారం ప్రతి పరీక్షనీ ఒక నైతిక సంఘం ముందు చూసి ఒప్పుకోవాలి. ఆ సంఘంలో డాక్టర్లతో పాటు ఒక సామాన్య వ్యక్తి, కనీసం ఒక స్త్రీ ఉండి తీరాలి. మనకి తెలిసిన భాషలో కాగితం ఉండాలి. చదువు రానివాళ్ళకి సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చెయ్యాలి, పరిహారం ఇవ్వాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుదలే కాక, ఊహ తెలిసిన పిల్లల సమ్మతి కూడా కావాలి.

మరి పిచ్చుకల సంగతో? వాటిని అడగలేం కనుక వాటి తరఫున మనమే అడగాలి. జంతుహింస నివారణకి మన దేశంలో 1960లోనే చట్టం వచ్చింది. పరిశోధనలో జంతువుల్ని వాడేవాళ్ళ మీద దాని కిందే ఒక సంఘం నిఘా ఉంచుతుంది. వీలైతే జంతువు బదులు వేరే పద్ధతి, తప్పకపోతే తక్కువ జంతువులు, అప్పుడు కూడా తక్కువ నొప్పి అన్నది నియమం. 2014లో పౌడర్లు, లిప్‌స్టిక్కుల్లాంటి అలంకార వస్తువుల్ని జంతువుల మీద పరీక్షించడం మన దేశంలో నిషేధించారు. నాకది సబబుగా తోస్తుంది. బిడ్డ ప్రాణం నిలిపే మందుకి, ముఖానికి రాసుకునే రంగుకి ఒకటే లెక్క ఎలా అవుతుంది?

ఇన్నేళ్ళ తరవాత మలేరియాకి కూడా టీకా వచ్చింది. 2021లో ఒకదాన్ని, 2023లో రెండోదాన్ని ప్రపంచ ఆరోగ్యసంస్థ సిఫార్సు చేసింది. రెండోది తయారవుతున్నది మన పూనాలోనే. మొదటి టీకా పరీక్షలో ఆఫ్రికాలోని 7 దేశాల పసిపిల్లలు 15,000 మందికి పైగా పాల్గొన్నారు. అంతమంది తల్లులు బిడ్డల్ని చంకనేసుకొచ్చి సరే అన్నారు. ఆ తల్లులు సరే అనకపోతే ఆ టీకా లేదు. అంచేత పరిశోధనలే వద్దని నేననను. మనవాళ్ళు కూడా ముందుకు రావాలంటాను. అయితే కళ్ళు తెరుచుకుని రావాలి.

రేపు ఎప్పుడైనా ఆస్పత్రిలో మీ ముందు కాగితం పెడితే కాస్త ఆగండి. ఇది వైద్యానికా, పరిశోధనకా? నేను కాదంటే ఏమవుతుంది? ఏదైనా జరిగితే చూసేదెవరు? ఎవరితో మాట్లాడాలి? ఈ నాలుగూ అడగండి. నకలు ఒకటి తీసుకుని ఇంటికి తెచ్చుకోండి. డాక్టరుగారు విసుక్కుంటారేమోనని మొహమాటపడకండి. అడిగినంతమాత్రాన ఆయన్ని అవమానించినట్టు కాదు.

మొన్న మా అత్తగారికి మళ్ళీ రక్తపరీక్ష అవసరమైంది. ఈసారి కాగితం రాగానే నేను ఆవిడ కళ్ళద్దాలు తుడిచి చేతికిచ్చాను. ఆవిడ తీరిగ్గా, పెదవులు కదుపుతూ మొత్తం చదివారు. చివర్న పరిశోధనకి మిగులు రక్తం ఇవ్వడం ఇష్టమేనా అని ఉన్నచోట, అవును అన్న గడిలో ఆవిడే టిక్కు పెట్టి, కలం నా చేతికిచ్చి, "ఇప్పుడు బాగుంది" అన్నారు.